రెటీనా ఆపరేషన్ అయ్యాక ఏం జరుగుతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్య పేజీలో రెటీనా, అంటే కంటి లోపల వెనక వైపు ఉండే చూపు పొర, ఊడిపోవడం గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కంట్లో మెరుపులు కనిపించినా, ఉన్నట్టుండి నల్లచుక్కలు ఎక్కువైనా, చూపుకు ఒక పక్క నుంచి తెర కమ్ముకొస్తున్నా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమని రాశారు. అందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. కానీ వ్యాసం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి సంగతంతా ఒకే ఒక్క వాక్యంలో తేల్చారు, సకాలంలో శస్త్రచికిత్స చేయించుకుంటే చూపు దక్కుతుందని. ఆ తలుపు దాటి బయటికొచ్చిన మనిషిని నేను. అక్కడి నుంచి మొదలయ్యే సంగతులు ఎక్కడా చదవలేదు గనక ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగవుతుంది, కుదించకుండా వేయమని మనవి.

నేను ప్రూఫ్ రీడర్ని. పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, కథల సంపుటాలు... ముప్పై ఏళ్ళకు పైగా గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పట్టుకోవడమే నా బతుకుతెరువు. చిన్నప్పటి నుంచీ దూరం ఆనదు. మైనస్ ఆరు అద్దాలు. అంత మైనస్ ఉన్నవాళ్ళ కనుగుడ్డు పొడుగ్గా సాగి, లోపలి పొర పలచబడి ఉంటుందనీ, దానికి చిరుగు పడే ప్రమాదం మిగతావాళ్ళకన్నా ఎక్కువనీ నాకు ఆ పొర ఊడిన తర్వాతే తెలిసింది. ఎడమ కన్ను. తెర కనిపించిన రోజే ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటికే చిరుగులోంచి నీరు పొర వెనక్కి చేరింది. అక్షరం చదవడానికి, మనిషి ముఖం గుర్తుపట్టడానికి పనికొచ్చే నడిమి భాగం, అంటే మాక్యులా కూడా లేచిపోయింది.

ఆపరేషన్‌కి భయపడమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నూరేళ్ళ కిందట ఈ జబ్బు వస్తే ఆ కంటి మీద ఆశ వదులుకోవలసిందే. పొరకు పడిన చిరుగే మూలమనీ, దాన్ని వెతికి మూసేస్తే పొర మళ్ళీ అతుక్కుంటుందనీ స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్ గోనిన్ అనే వైద్యుడు 1920ల్లో రుజువు చేసేదాకా, రోగిని కదలకుండా పడుకోబెట్టడం తప్ప డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ లేదు. కంట్లోకి సన్నని పరికరాలు పంపి, లోపల నిండి ఉండే జిగురు పదార్థాన్ని తీసేసే విట్రెక్టమీ 1970ల మొదట్లో రాబర్ట్ మాహెమర్ అనే కంటి వైద్యుడి కృషితో వచ్చింది. ఇవాళ 100 మందిలో 85 నుంచి 90 మందికి మొదటి ఆపరేషన్‌తోనే పొర అతుక్కుంటోంది. అది చేయకపోతే నా ఎడమ కన్ను ఈపాటికి పూర్తిగా చీకటి. చేసిన డాక్టరుగారి పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చేశాక ఏమవుతుందో, ఏమైతే పరిగెత్తుకు రావాలో ఎవరూ చెప్పకపోవడం మీదే నా బాధంతా.

కట్టు విప్పిన రోజు డాక్టరుగారు లోపలికి చూసి, "పొర చక్కగా అతుక్కుందమ్మా, ఆపరేషన్ సక్సెస్" అన్నారు. మా వారు బయటికొచ్చి అందరికీ ఫోన్లు చేసి చూపు వచ్చేసిందని చెప్పారు. నాకేమో చెయ్యి ఆడిస్తే ఏదో కదులుతోందని తప్ప ఇంకేమీ తెలియడం లేదు. పొర అతుక్కోవడం వేరు, చూపు రావడం వేరు. అర మిల్లీమీటరు కూడా మందం లేని ఆ పొర, తన వెనకున్న పొరల నుంచి ప్రాణవాయువు, పోషణ తీసుకుని బతుకుతుంది. విడిపోయి ఉన్నంతసేపూ దాని కణాలు చచ్చిపోతూనే ఉంటాయి. మాక్యులా లేవకముందే ఆపరేషన్ జరిగితే చూపు చాలావరకు నిలుస్తుంది. లేచాక జరిగితే ఎంత వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. వచ్చేది కూడా నెలల మీద, ఒక్కోసారి ఏడాది దాటాక వస్తుంది. ఈ నాలుగు మాటలు ఆ రోజు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, రోజూ పొద్దున లేవగానే కుడి కన్ను మూసుకుని గోడ గడియారం వైపు చూసి ఏడ్చేదాన్ని కాదు.

వచ్చిన చూపు కూడా పాత చూపు కాదు. ఇప్పుడు ఎడమ కంటితో చూస్తే అచ్చులో ఉన్న పంక్తి మధ్యలో కిందికి కుంగుతుంది. అక్షరాలు కుడి కంటికి కనిపించేవాటికన్నా చిన్నవిగా ఉంటాయి. రెండు కళ్ళూ తెరిచి చదివితే పెద్ద 'క్ష' పక్కనే చిన్న 'క్ష' నీడ పడుతుంది. ఒత్తు ఏ అక్షరం కింద ఉందో వేలు పెట్టి చూసుకోవాలి. అద్దాలు మార్చితే పోతుందేమోనని అడిగాను. అది అద్దంతో పోయే వంకర కాదు, అతుక్కున్నప్పుడు పొరలో కణాలు మునుపటి చోటుకి సరిగ్గా చేరకపోవడం వల్ల వచ్చిన వంకర. మాక్యులా లేచినవాళ్ళలో చాలామందికి ఉండేదేనట. అలాంటప్పుడు అది ముందే తెలియాలి కదా! నా పని కళ్ళతోనే అని నా ఫైల్లో మొదటి పేజీలోనే రాసి ఉంది.

కళ్ళజోడు పవర్ చూసే అమ్మాయి ఒక గళ్ళ కాగితం ఇచ్చింది. మార్క్ ఆమ్‌స్లర్ అనే కంటి వైద్యుడు తయారుచేసినది. పది సెంటీమీటర్ల చదరం, నిండా చిన్న గళ్ళు, నడుమ ఒక చుక్క. ఒక కన్ను మూసి, చుక్క మీదే చూపు నిలిపి, గీతలు ఎక్కడ వంగుతున్నాయో చూసుకోవాలి. ఉన్న వంకర ఉండనీ, కొత్తగా పెరిగితే మాత్రం చెప్పమంది. మాక్యులా మీద సన్నని పొర ముడుచుకోవడమో, మాక్యులాలో నీరు చేరి వాయడమో ఆపరేషన్ తర్వాత కొందరికి జరుగుతుందట, రెండింటికీ వైద్యం ఉందట. ఆ ఒక్క కాగితం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. అది అందరికీ ఇవ్వవలసిన కాగితం.

గ్యాస్ సంగతికి వస్తాను. విట్రెక్టమీ చేసి, చిరుగు చుట్టూ లేజర్ పెట్టి, అది మానేదాకా పొరను లోపలి నుంచి అదిమిపట్టి ఉంచడానికి కంట్లో గ్యాస్ నింపుతారు. ఎస్ఎఫ్6 అనే గ్యాస్ అయితే దాదాపు రెండు వారాలుంటుంది. నాకు పెట్టిన సి3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. గ్యాస్ ఉన్నన్నాళ్ళూ దానిలోంచి ఏమీ సరిగ్గా కనబడదు. కొంచెం కరిగాక చూపులో ఒక గీత వస్తుంది, తల కదిపితే ఊగుతుంది. గీత పైన స్పష్టం, కింద మసక. నిజానికి బుడగ కంటిలో పైన తేలుతోంది, రెటీనా మీద పడే బొమ్మ తలకిందులు గనక మనకు కింద ఉన్నట్టు తోస్తుంది. రోజురోజుకీ గీత కిందికి దిగి, చివరికి గుండ్రటి నల్లని బుడగై, ఒక్కోసారి రెండు మూడుగా విడిపోయి, మాయమవుతుంది. ఇదంతా మామూలే. ఆ మామూలు సంగతి తెలియక, ఆ గీత మళ్ళీ ఊడిన పొర అంచేమోనని వణికిపోయినవాళ్ళని వెయిటింగ్ హాల్లో ఎందరినో చూశాను.

బోర్లా పడుకోవాలన్నారు. ఎందుకో చెప్పలేదు. గ్యాస్ ఎప్పుడూ పైకే పోతుంది గనక చిరుగున్న చోటు పైకి వచ్చేట్టు తల పెట్టాలి, అంతే రహస్యం. అందరికీ బోర్లానే అక్కర్లేదు. కొందరికి కుడి పక్కకి, కొందరికి ఎడమ పక్కకి, కొందరికి కూర్చుంటే చాలు. వెల్లకిలా మాత్రం పడుకోకూడదు. బుడగ ముందుకొచ్చి కటకాన్ని తాకితే శుక్లం తొందరగా వస్తుంది, కటకం ముందుకు జరిగితే కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుని ప్రెషర్ పెరుగుతుంది. కారణం తెలిసిన మనిషి నిద్రలో కూడా జాగ్రత్తగా ఉంటుంది. ఇంకొకటి కూడా ఎవరూ చెప్పరు: మోచేతుల మీద బరువు వేసి గంటల తరబడి బోర్లా ఉంటే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. మోచేతి దగ్గర నరం నలగడం వల్ల అది. కింద మెత్త పెట్టుకుని, మధ్యమధ్య చేతులు మార్చుకోవాలి.

ఇంటికొచ్చిన మర్నాటి రాత్రి నొప్పి మొదలైంది. మొదట కనుబొమ మీద, తర్వాత కణత, తర్వాత తలలో సగం. ఇచ్చిన మాత్ర వేసుకున్నా తగ్గలేదు. డోకు, ఆ వెంటనే వాంతులు. కట్టు మీద లైటు వేసినా లోపలికి తెలిసే ఎర్రటి వెలుతురు కూడా పలచబడింది. మా అమ్మాయి డిశ్చార్జి కాగితం తీసి అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. కాగితమంతా ఇంగ్లీషే, మందుల పేర్లు, వారం తర్వాత రమ్మని ఒక లైను. చాలాసేపటికి ఎవరో ఎత్తి, "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉంటుందండీ, పారాసిటమాల్ వేసి పడుకోబెట్టండి, పొద్దున తీసుకురండి" అన్నారు. ఎన్ని వాంతులైనాయని గానీ, వెలుతురు తెలుస్తోందా అని గానీ అడగలేదు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మ నొప్పికి ఓర్చుకునే మనిషి, ఇది మామూలు నొప్పి కాదు" అని ఆ అర్ధరాత్రే బండెక్కించింది.

కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి. నాది నలభై దాటింది. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు చుక్కలు వేసి, ప్రెషర్ తగ్గించే అసెటజోలమైడ్ మాత్రలిచ్చి, అప్పటికీ దిగకపోతే పెద్దాయనకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు సన్నని సూదితో కాస్త గ్యాస్ తీసేశారు. ఆ చిన్న డాక్టరుకు నేను రుణపడి ఉన్నాను. కానీ అంత ప్రెషర్‌ను కంటి నరం గంటల తరబడి తట్టుకోలేదు. నా చూపులో ముక్కు వైపు కొంత భాగం ఆ రాత్రే పోయింది, మళ్ళీ రాలేదు. నరం చెడ్డాక తిరిగి బాగుచేసే వైద్యం లేదు. పొద్దుటిదాకా ఆగి ఉంటే మిగిలిన భాగం కూడా ఉండేది కాదని తర్వాత డాక్టరుగారే అన్నారు. ప్రెషర్ పెరగడం ఎవరి తప్పూ కాదు. గ్యాస్ వ్యాకోచించవచ్చు, లోపల వాపు వల్ల నీరు పోయే దారి మూసుకోవచ్చు, స్టెరాయిడ్ చుక్కలు కొందరికి పడకపోవచ్చు. ఇది రావచ్చని డాక్టర్లందరికీ తెలుసు. అందుకే మర్నాడు ప్రెషర్ చూసి పంపుతారు. వచ్చిన సంగతి రోగికి ఎలా తెలుస్తుందన్నదే ఎక్కడా రాసి లేదు.

గ్యాస్ ఉండగానే ఇంకొక ప్రమాదం తప్పింది. మా తమ్ముడు వాళ్ళ ఊరికి తీసుకెళ్ళి నెల రోజులు ఉంచుకుంటానని విమానానికి టిక్కెట్లు తీశాడు. "రైల్లో అలసిపోతావక్కా, గంటలో ఇంట్లో ఉంటాం" అన్నాడు. చెకప్‌కి వెళ్ళినప్పుడు మాటల్లో ఆ సంగతి విన్న గళ్ళ కాగితం అమ్మాయే కంగారుపడి లేచి నిలబడింది. విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, ఏడెనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. బయటి ఒత్తిడి తగ్గితే కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది. ప్రెషర్ పెరిగి రెటీనాకు రక్తం తెచ్చే నాళమే మూసుకుపోవచ్చు. గాల్లో ఉన్న మనిషికి ఎవరూ ఏమీ చేయలేరు. ఎత్తైన ఘాట్ రోడ్లూ అంతే. మరో సంగతి ఇంకా భయంకరం: గ్యాస్ ఉండగా ఏ ప్రమాదమో జరిగి వేరే ఆపరేషన్ అవసరమై, మత్తు డాక్టరు నైట్రస్ ఆక్సైడ్ వాడితే అది రక్తంలోంచి ఆ బుడగలోకి చేరి నిమిషాల్లో ఉబ్బిస్తుంది. స్పృహలో లేని మనిషి నా కంట్లో గ్యాస్ ఉందని చెప్పలేదు. అందుకే చాలాచోట్ల ఆపరేషన్ రోజే ముంజేతికి ఒక పట్టీ కడతారు, గ్యాస్ ఉందనీ, విమానం, నైట్రస్ ఆక్సైడ్ కూడదనీ దాని మీద రాసి ఉంటుంది. నాకు కట్టలేదు. ఒక ప్లాస్టిక్ పట్టీ, ఒక పెన్ను, అంతకు మించి ఖర్చు లేని పని అది.

గ్యాస్ సగానికి తగ్గి, గీత పైన వెలుతురు తేటపడి, గడియారం ముల్లు కనిపించి సంతోషించిన రోజుల్లోనే ఆ తేట భాగంలో పై నుంచి నీడ దిగింది. పొర మళ్ళీ ఊడింది. బుడగ పైకి తేలుతుంది గనక కంటిలో కింది భాగానికి దాని ఆసరా తక్కువ. ఊడింది కింది భాగమే, నాకు మాత్రం నీడ పై నుంచి కనిపించింది. పివిఆర్ అన్నారు. గాయం మానే క్రమంలో కణాలు పొర మీదకి చేరి, అక్కడ మచ్చ కట్టి, ముడుచుకుంటూ పొరను లాగేస్తాయి. గోడకంటించిన కాగితం మీద పూసిన బంక ఎండి బిగుసుకుని కాగితాన్ని ఊడబెరికినట్టు. రెటీనా ఊడినవాళ్ళలో 100 మందికి 5 నుంచి 10 మందికి ఇది వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే. మొదటి ఆపరేషన్ విఫలం కావడానికి ముఖ్య కారణం ఇదే. నేను సరిగ్గా బోర్లా పడుకోలేదనీ, ఏదో బరువెత్తి ఉంటాననీ చుట్టాలు రకరకాలుగా అన్నారు. ఇది శరీరం తనంతట తాను చేసే పని, రోగి చేసిన తప్పు కాదని డాక్టర్లు ఇంట్లోవాళ్ళందరి ముందూ గట్టిగా చెప్పాలి. ఒక కన్ను పోతున్న మనిషి మీద ఆ నింద కూడా వేస్తే తట్టుకోవడం చాలా కష్టం.

రెండోసారి ఆ మచ్చ పొరలను ఒలిచి తీసి, గ్యాస్ బదులు సిలికాన్ ఆయిల్ పెట్టారు. ఆయిల్ గ్యాస్‌లా కరిగిపోదు, మళ్ళీ ఆపరేషన్ చేసి తీయవలసిందే. విమానం ఎక్కవచ్చు, అదొక్కటే వెసులుబాటు. ఆయిల్ కాంతిని వంచే తీరు వేరు గనక కంటి పవర్ ప్లస్ వైపు అయిదారు పాయింట్లు జరుగుతుంది. జన్మంతా మైనస్ ఆరు పెట్టుకున్న నాకు ఎడమ కంటికి దాదాపు అద్దమే అక్కర్లేకపోయింది! చూపు బాగుపడిందని ఇంట్లో అందరూ మురిశారు. అది ఆయిల్ ఉన్నన్నాళ్ళ సంగతి. పైగా ఒక కంటికి మైనస్ ఆరు, ఇంకో కంటికి సున్నా అయితే మెట్లు దిగేటప్పుడు ఏ మెట్టు ఎక్కడుందో తెలియదు.

మీ వ్యాసకర్త మళ్ళీ రాస్తే ఆయిల్ గురించి తప్పకుండా రాయమనండి. కన్ను నెమ్మదించింది, నొప్పి లేదు, ఏదో కనబడుతోంది గదా అని చాలామంది తిరిగి వెళ్ళరు. నాతోపాటు హాల్లో కూర్చున్న ఒక పెద్దాయన అలాగే ఏళ్ళ తరబడి ఆయిల్‌తో ఉండిపోయి, నల్లగుడ్డు మీద తెల్లటి పట్టీ ఏర్పడ్డాక వచ్చారు. ఆయిల్ తీయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదన్నారు. నాకు నోటితో చెప్పారు, కాగితం మీద లేదు. ఆయిల్ కాలం గడిచేకొద్దీ సన్నని బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువులు కంటి ముందు భాగంలోకి వచ్చి నీరు పోయే దారిని పూడుస్తాయి, ప్రెషర్ పెరుగుతుంది, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, చెడుతుంది. అందుకే పొర నిలకడగా ఉంటే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో తీసేస్తారు. తీస్తే మళ్ళీ ఊడుతుందన్న కళ్ళకు మాత్రమే, ఆలోచించి, ఉంచేస్తారు. తీసిన తర్వాత కొందరికి పొర మళ్ళీ ఊడుతుంది కూడా. ఆ సంగతి దాచకుండా చెప్పి, తీసే తేదీ డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయాలి. నాకు తీశారు, పొర నిలిచింది.

శుక్లం గురించి ఎక్కువ రాయక్కర్లేదు. విట్రెక్టమీ అయిన యాభై దాటినవాళ్ళలో చాలామందికి రెండేళ్ళలోపే ఆ కంట్లో శుక్లం వస్తుంది. ముందే చెబితే మళ్ళీ ఏమైందోనన్న బెంగ ఉండదు. పొర అతుక్కోవడానికి కనుగుడ్డు చుట్టూ బకిల్ అనే పట్టీ బిగించినవాళ్ళకు మైనస్ పెరగవచ్చు, కొందరికి ఒకటి రెండుగా కనిపించవచ్చు. ఇన్‌ఫెక్షన్ చాలా అరుదు, వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. కానీ వస్తే గంటల మీద కన్ను పోతుంది. మొదటి వారంలో తగ్గుతున్న ఎరుపు మళ్ళీ పెరిగినా, పుసులు కట్టినా, రెప్ప వాచినా, నొప్పి ఎక్కువై చూపు తగ్గినా ఆగకూడదు. తెల్లగుడ్డు మీద రక్తపు మరక, కుట్లు గుచ్చుకున్నట్టుండటం, నీరు కారడం, కొద్దిపాటి సలుపు, ఇవి కొన్నాళ్ళుండి పోయేవి. ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చెప్పేవాళ్ళు లేకే మనుషులు పోయేవాటికి భయపడి, భయపడవలసినవాటికి ఓర్చుకుంటున్నారు.

స్టెరాయిడ్ చుక్కల మాట కూడా. వాపు తగ్గడానికి అవి కావాలి, డాక్టరు చెప్పిన లెక్కన నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. హాయిగా ఉందని సొంతంగా నెలల తరబడి వేసుకునేవాళ్ళున్నారు. అది నొప్పి లేకుండానే ప్రెషర్ పెంచుతుంది. చెకప్‌లో కొలిస్తే తప్ప తెలియదు.

రెండో కన్ను సంగతి మరిచిపోతారు. ఒక కంట్లో రెటీనా ఊడినవాళ్ళలో దాదాపు పదిమందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు రెండో కంట్లోనూ ఊడవచ్చు. నా కుడి కంట్లో పలచబడిన చోట ఒక చిన్న చిరుగు దొరికింది. చుట్టూ లేజర్ పెట్టారు. కూర్చున్న కుర్చీలోనే కాసేపట్లో అయిపోయింది. ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాస్తున్నదీ, ప్రూఫులు చూస్తున్నదీ ఆ కంటితోనే. పెద్దగా ఖర్చూ కష్టమూ లేని ఆ పరీక్ష, కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెండు కళ్ళూ చూడటం, మొదటి రోజే అందరికీ జరగాలి.

ఇక నేను కోరేది. రెటీనా ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ ఇంటికి పంపేముందు ఒక కాగితం ఇవ్వాలి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఇంకొకరు చదివి వినిపిస్తే అర్థమయ్యే వాక్యాలతో ఉండాలి, ఎందుకంటే ఆ రోజుల్లో చదివేది రోగి కాదు, ఇంట్లోవాళ్ళు. కంట్లో పెట్టింది గ్యాసా, ఆయిలా, ఏ గ్యాసు, ఎన్నాళ్ళుంటుంది, తల ఎటు పెట్టాలి, ఎందుకు పెట్టాలి, ఎప్పటిదాకా విమానం కూడదు, ఆయిలైతే ఎప్పుడు తీయాలి, మాక్యులా లేచిందా లేదా, చూపు గురించి ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చు. ఇవన్నీ డాక్టరుగారికి కంఠతా వచ్చిన సంగతులే. ఒకసారి రాయించి అచ్చు వేస్తే చాలు, రోగి వివరాలు ఖాళీల్లో నింపవచ్చు. డాక్టర్లకు తీరిక లేదన్నది నిజం, ఒక్కొక్కరి గది బయట ఎంత జనం ఉంటారో నేను చూశాను. అందుకే నోటితో చెప్పమని అడగడం లేదు, కాగితం అడుగుతున్నాను. మీ ఆరోగ్య పేజీలో అలాంటిది ఒక నమూనా వేస్తే దాన్ని కత్తిరించి దాచుకునే పాఠకులుంటారు, చూసి అనుసరించే ఆసుపత్రులూ ఉంటాయి.

ఆ కాగితం మీద ఉండే ఫోన్ నంబరు రాత్రి రెండింటికి కూడా పలకాలి. ఎత్తేది డాక్టరే కానక్కర్లేదు. ఎవరెత్తినా మూడు ప్రశ్నలు అడగడం నేర్పండి. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతోందా? వాంతులు అవుతున్నాయా? చూపుగానీ, లైటు వేస్తే తెలిసే వెలుతురుగానీ నిన్నటికన్నా తగ్గిందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా పొద్దున రమ్మని చెప్పకూడదు. ఇప్పుడే తీసుకురండి, డాక్టరును పిలుస్తాం అని చెప్పాలి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
ఒక ప్రూఫ్ రీడర్